మైనస్ 40 డిగ్రీలు గాలిది కాదు, వైరుది

ప్రశ్న: నాది 1.2 లీటర్ల పెట్రోల్ కారు, టర్బో లేదు. ఎయిర్ ఫిల్టర్ మార్పించిన వారానికి చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. కోడ్ పీ0113. ఐఏటీ సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలి వేడిని చూసేది) కొత్తది వేశారు. మూడు రోజులు బాగానే ఉంది, తర్వాత మళ్లీ అదే లైట్, అదే కోడ్. చిన్న బ్లూటూత్ స్కానర్ తెచ్చుకుని నేనే చూశాను. ఆగి ఉన్నప్పుడు 41 డిగ్రీలు చూపిస్తోంది, గతుకుల్లో ఒక్కోసారి మైనస్ 40కి పడి వెంటనే తిరిగి వస్తోంది. ఎండలో ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే 60 దాటుతోంది. మైలేజీ లీటరుకు 17 నుంచి 13 కిలోమీటర్లకు తగ్గింది. సెన్సర్ ఫిల్టర్ బాక్స్ తర్వాతి గొట్టంలో ఉంది, దానికి రెండే వైర్లు. మెకానిక్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) మార్చాలంటున్నారు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది. లోపం ఎక్కడుందో నేనే తేల్చుకోగలనా?

సమాధానం: తేల్చుకోగలరు. ఈసీయూ మాట మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు.

సగం జవాబు మీ స్కానర్ ఇప్పటికే ఇచ్చేసింది. గొట్టంలోని గాలి 41 డిగ్రీల నుంచి రెప్పపాటులో మైనస్ 40కి దిగి మళ్లీ 41కి ఎక్కడం జరగని పని. తెగి కలుస్తున్నది కరెంటు దారి. పాత సెన్సర్‌తోనూ కొత్తదానితోనూ ఒకే తీరుగా జరిగింది కాబట్టి రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవాటినే అనుమానించాలి. అవి కనెక్టర్, అందులోని పిన్నులు, అక్కడి నుంచి ఈసీయూ దాకా పోయే రెండు వైర్లు. అదీ ఫిల్టర్ మార్చాకే మొదలైంది. ఫిల్టర్ బాక్స్ మూత ఎత్తేటప్పుడు కనెక్టర్ ఊడదీయకుండా మూతనూ గొట్టాన్నీ కలిపి పక్కకు లాగడం చాలామందికి అలవాటు. లోపం సెన్సర్ నుంచి జానెడు దూరంలోనే దొరికే అవకాశం ఎక్కువ. అలాగని ఊహను నమ్మి వైరు కోసేయకండి. కింద చెప్పినవి ఒక గంట పని, వాటితో లోపం తప్పించుకోలేదు.

ముందు ఆ సెన్సర్ ఏం చేస్తుందో కొంచెం తెలుసుకుంటే, మీటర్‌లో కనిపించే అంకెలకు అర్థం దానంతటదే తెలుస్తుంది. లోపల ఉన్నది థర్మిస్టర్ అనే చిన్న పూస. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, చల్లబడేకొద్దీ పెరుగుతుంది. ఈసీయూ తన లోపలి రెసిస్టర్ ఒకదాని గుండా 5 వోల్టులను ఒక వైరులోకి పంపుతుంది. అది సిగ్నల్ వైరు. రెండోది సెన్సర్ గ్రౌండ్, అదీ తిరిగి ఈసీయూకే చేరుతుంది. సిగ్నల్ వైరు మీద ఎంత వోల్టేజీ నిలిచిందో చూసి ఈసీయూ గాలి వేడిని లెక్కగడుతుంది. గాలి వేడిగా ఉంటే వోల్టేజీ తక్కువ, చల్లగా ఉంటే ఎక్కువ.

ఇప్పుడు ఒక వైరు తెగిందనుకోండి. కరెంటుకు దారి లేదు, 5 వోల్టులూ అలాగే నిలిచిపోతాయి. ఈసీయూ పట్టికలో 5 వోల్టుల దగ్గర రాసి ఉన్నది అతి చల్లని అంకె. చాలా కార్లలో అదే మైనస్ 40. రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలితే, లేదా సిగ్నల్ వైరు బాడీకి తగిలితే వోల్టేజీ సున్నాకు పడుతుంది, స్కానర్‌లో 120 పైన ఏదో మండే అంకె వస్తుంది. ఈ రెండు చివరి అంకెల్లో ఏది కనిపించినా దాన్ని ఉష్ణోగ్రతగా చదవకూడదు. ‘లైన్ తెగింది’, ‘లైన్ షార్టయింది’ అని చదవాలి.

కోడ్‌లు చెప్పేదీ అదే. పీ0113 అంటే సిగ్నల్ వోల్టేజీ ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంది, అంటే ఎక్కడో తెగింది. పీ0112 అంటే వోల్టేజీ మరీ తక్కువ, అంటే షార్ట్. పీ0114 అంటే సిగ్నల్ తెగుతూ కలుస్తూ ఉంది. పీ0110 సర్క్యూట్‌లో లోపమని మాత్రమే చెబుతుంది, ఏ వైపో చెప్పదు. వీటిలో ఏదీ ‘సెన్సర్ మార్చు’ అని అనలేదు. సెన్సర్ మీదే అనుమానం పెంచే కోడ్ పీ0111. సర్క్యూట్ బాగానే ఉంది గానీ చూపిస్తున్న అంకె నమ్మేలా లేదని దాని అర్థం. ఇంజిన్ వేడెక్కినా అంకె కదలకపోవడం, రాత్రంతా ఆగి ఉన్న కారులో పొద్దున్నే కూలెంట్ సెన్సర్‌కూ దీనికీ పొంతన లేకపోవడం లాంటివన్న మాట.

కొత్త సెన్సర్ వేశాక మూడు రోజులు లైట్ రాలేదన్న ఊరటకు కూడా పెద్ద విలువ ఇవ్వకండి. సెన్సర్ మార్చేటప్పుడు కనెక్టర్ ఊడదీసి మళ్లీ నొక్కారు కదా, ఆ కదలికకే పిన్నులు కాసేపు కుదురుకుని ఉంటాయి. పైగా చాలా ఈసీయూలు ఒక్కసారి తెగగానే లైట్ వెలిగించవు. కొన్ని సెకన్లు వరుసగా తెగి ఉండాలి, కొన్నింట్లో ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిచి ఉండాలి, మరికొన్నింట్లో వరుసగా రెండు ట్రిప్పుల్లో అదే కనిపించాలి.

మీటర్ తీసే ముందు స్కానర్‌తో రెండు పనులు చేయండి. మొదటిది, ఫ్రీజ్ ఫ్రేమ్ చూడండి. కోడ్ పడిన క్షణంలో వేగం, కూలెంట్ వేడి, ఇన్‌టేక్ గాలి వేడి ఎంతెంతో అందులో ఉంటుంది. కూలెంట్ కూడా మైనస్ 40 చూపిస్తూ పీ0118 కూడా ఉంటే కథ మారిపోతుంది. రెండు సెన్సర్లకూ ఉమ్మడిగా ఉండే సెన్సర్ గ్రౌండ్ ఎక్కడో తెగిందని అర్థం, అప్పుడు ఐఏటీ కనెక్టర్ దగ్గర ఎంత వెతికినా దొరకదు. రెండోది, వివరాలు రాసుకుని కోడ్ చెరిపేయండి. ఇది ఎందుకంటే, కోడ్ పడ్డాక కొన్ని ఈసీయూలు సెన్సర్ మాట వినడం మానేసి సొంత అంకె ఒకటి పెట్టుకుని నడుస్తాయి. కొన్ని కార్లలో స్కానర్‌కు కూడా ఆ సొంత అంకే కనిపిస్తుంది. సెన్సర్ ఊడదీసినా 20 డిగ్రీలు అని నింపాదిగా చూపిస్తుంటే జనం తికమకపడేది ఇక్కడే.

ఇక కళ్లూ చేతులూ. ఇగ్నిషన్ ఆపి కనెక్టర్ పట్టుకుని మెల్లగా వెనక్కి లాగండి. లాక్ నాలుక పడి ఉంటే రాదు. లాక్ నొక్కకుండానే ఊడి వచ్చిందా, నాలుక విరిగినట్టే. ఊడదీసి వెలుతురులో లోపలికి చూడండి. పిన్ను వెనక్కి జారిపోయిందా? పచ్చటి తుప్పు ఉందా? రబ్బరు సీల్ మడతపడి కనెక్టర్‌ను పూర్తిగా మూసుకోనివ్వడం లేదా? తర్వాత వైర్లను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య పట్టి కనెక్టర్ వైపు నుంచి వెనక్కి మెల్లగా లాగుతూ పోండి. రాగి ఉన్న వైరు సాగదు. ఏదైనా ఒక చోట పైతొడుగు రబ్బరులా సాగితే లోపల రాగి తెగి, బయట ప్లాస్టిక్ మాత్రమే పట్టుకుని ఉందన్న మాట. బయటికి నిక్షేపంలా కనిపిస్తుంది కాబట్టి కంటితో దొరకదు, చేతికే దొరుకుతుంది. వైరు బిగుతుగా లాగి ఉన్న చోటు, కనెక్టర్‌లోకి దూరే మెడ, ఫిల్టర్ బాక్స్ క్లిప్పు కింద నలిగే చోటు, బ్యాటరీ స్టాండ్ అంచు: ముందు ఈ నాలుగు చూడండి.

కంటికి ఏమీ చిక్కకపోతే కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్కానర్‌లో ఐఏటీ ఒక్కటే తెరిచి ఉంచండి. పది అంకెలు ఒకేసారి తెరిస్తే బ్లూటూత్ స్కానర్ ఒక్కోదాన్ని సెకనుకోసారి కూడా చూపించలేదు. మీకు కావాల్సిన తెగుడు సెకనులో పదో వంతే ఉండొచ్చు. గ్రాఫ్ పెట్టుకోగలిగితే ఇంకా మంచిది. కనెక్టర్ ఊడదీయండి, అంకె మైనస్ 40కి పడాలి. ఇప్పుడు సన్నటి వైరు ముక్కతో కనెక్టర్‌లోని రెండు రంధ్రాలనూ కలపండి, అంకె 120 పైకి ఎగరాలి. రెండూ జరిగితే ఆ క్షణానికి వైర్లూ ఈసీయూ చక్కగా పనిచేస్తున్నట్టే. మీ కారులో మామూలుగా 41 సరిగ్గానే చూపిస్తోంది కాబట్టి ఇది పాసవుతుందనే నా అంచనా. కానీ ఈసీయూ మార్చాలన్న వాదనకు నిదానంగా చూపించదగ్గ జవాబు ఇదే: ఊడదీస్తే ఒక కొసకు, కలిపితే ఇంకో కొసకు పోయే ఈసీయూను మార్చి లాభం లేదు.

ఇలా వైరుతో కలిపే పని రెండు వైర్ల సెన్సర్‌కే. గాలిని తూచే ఐదు వైర్ల మాఫ్ సెన్సర్‌లో గాలి వేడి చూసే పూస లోపలే ఉంటుంది, పక్క పిన్నులో 12 వోల్టులు కూడా ఉంటాయి. మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంచే గొట్టం) పీడనం చూసే నాలుగు వైర్ల మ్యాప్ సెన్సర్‌లో 5 వోల్టుల సరఫరా ఉంటుంది. పిన్ను తప్పి కలిపితే మొదటి రకంలో ఈసీయూ కాలిపోవచ్చు, రెండో రకంలో మిగతా సెన్సర్లు కూడా ఒక్కసారిగా పడిపోతాయి. వైరింగ్ బొమ్మ చేతిలో లేకుండా వాటి జోలికి పోవద్దు. టెస్ట్ లాంప్ ఏ రకానికీ వాడకండి. అది లాగే కరెంటు ఈ లైన్లు మోసేది కాదు.

మీటర్‌తో వోల్టేజీ. కనెక్టర్ ఊడదీసి ఉంది, కీ ఆన్‌లో ఉంది. మీటర్ నలుపు తీగ బ్యాటరీ నెగటివ్‌కు, ఎరుపుది ఒక్కో పిన్నుకు పెట్టండి. ఒకదాని మీద 4.8 నుంచి 5.1 వోల్టులు రావాలి, అది సిగ్నల్. రెండోదాని మీద దాదాపు సున్నా రావాలి, అది గ్రౌండ్. ఇప్పుడు మీటర్‌ను రెండు పిన్నుల మధ్య పెడితే కూడా అదే 5 రావాలి. బ్యాటరీ నెగటివ్‌తో 5 వచ్చి, పిన్నుల మధ్య రాకపోతే గ్రౌండ్ వైరు తెగింది. సిగ్నల్ మీదే ఏమీ లేకపోతే ఆ వైరు తెగింది, లేదా బాడీకి తగులుతోంది. 12 వోల్టులు కనిపిస్తే ఇంకేదో వైరు వచ్చి దీనికి అంటుకుంది, కీ ఆపేసి ముందు అది వెతకండి.

మీటర్ మొన విషయంలో జాగ్రత్త. లావుపాటి మొనను కనెక్టర్ రంధ్రంలోకి నెడితే లోపలి పిన్ను వెడల్పయిపోతుంది, ఇక సెన్సర్ పిన్నును గట్టిగా పట్టుకోలేదు. పరీక్షించిన మనిషే లూజ్ కాంటాక్ట్ పుట్టించి పోవడమన్న మాట. మీ కారులో ఇప్పటికే ఎవరైనా అలా చేసి ఉండొచ్చు. గుండుసూదిలాంటి సన్నటి మొన వాడండి, లేదా కనెక్టర్ వెనక వైపు నుంచి వైరు పక్కగా గుచ్చండి.

అసలు దొంగను పట్టించేది తర్వాతి పరీక్ష. మీలా గతుకుల్లో మాత్రమే తెగే లోపానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే 2.2 కిలో ఓమ్‌ల మామూలు రెసిస్టర్ ఒకటి తీసుకోండి. సెన్సర్ బదులు దాని రెండు కాళ్లనూ కనెక్టర్‌లో గుచ్చండి. కాళ్లు వదులుగా ఉంటే పరీక్షే అబద్ధమాడుతుంది, కాబట్టి ఒకసారి మడిచి గుచ్చి టేపు చుట్టండి. కీ ఆన్ చేస్తే స్కానర్‌లో 20 నుంచి 30 మధ్య ఏదో ఒక అంకె వచ్చి రాయిలా నిలవాలి. రెసిస్టర్ గాలి వేడికి మారదు కాబట్టి ఈ అంకె కదలడానికి ఇక కారణమే లేదు. ఇప్పుడు కనెక్టర్ మెడ వంచండి, వైర్లను జానెడు జానెడుగా పట్టి ఊపండి, ఫిల్టర్ బాక్స్‌ను తట్టండి, ఈసీయూ కనెక్టర్ దాకా పోండి. ఎక్కడ పట్టినప్పుడు అంకె గెంతిందో లోపం అక్కడే. సెన్సర్ ఆటలోనే లేదు కాబట్టి దానిమీద నింద వేయడానికి వీల్లేదు. స్కానర్ నెమ్మదిగా ఉంటే సిగ్నల్ వైరు వెనక మీటర్ గుచ్చి మిన్-మ్యాక్స్ మోడ్‌లో పెట్టండి. మీటర్ పట్టగలిగినంత సేపు తెగితే చాలు, గ్రౌండ్ వైరుదైతే గరిష్ఠ విలువ 5 దగ్గరికి, సిగ్నల్ వైరుదైతే కనిష్ఠ విలువ సున్నా దగ్గరికి వెళ్లి దొరికిపోతుంది.

ఎంత ఊపినా అంకె చెక్కుచెదరకపోతే వైర్లు నిర్దోషులు. అప్పుడు మిగిలేవి కనెక్టర్ పిన్ను పట్టు, లేదా సెన్సర్ లోపలి అతుకు. పిన్ను పట్టు చూడటానికి పాత సెన్సర్ పనికొస్తుంది, దాన్ని పారేయకపోతే. దాన్ని కనెక్టర్‌లో పెట్టి తీస్తూ ఉంటే ప్రతి పిన్నూ కొంచెం బిగుతుగా జారుతున్నట్టు చేతికి తెలియాలి. ఏ ప్రతిఘటనా లేకుండా జారితే ఆ పిన్ను మార్చాలి. సూదితో నొక్కి బిగించడం నాలుగు రోజుల ముచ్చటే.

రెసిస్టెన్స్ కొలత దగ్గరికి వస్తే, అందరూ మొదట చేసేది ఇదే, మీ విషయంలో అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడేదీ ఇదే. టేబుల్ మీద నిశ్చలంగా ఉన్న సెన్సర్ గతుకుల్లో ఎలా ప్రవర్తిస్తుందో చెప్పదు. అయినా కొత్త సెన్సర్ మీ కారుదేనా అని తేల్చుకోవడానికి కొలవండి. సెన్సర్ ఊడదీసి, గది వేడికి సర్దుకోవడానికి అరగంట వదిలేసి, కొన మీద వేళ్లు పెట్టకుండా రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. ఎక్కువగా కనిపించే ఒక రకంలో 0 డిగ్రీల దగ్గర సుమారు 5.9 కిలో ఓమ్‌లు, 20 దగ్గర 2.5, 30 దగ్గర 1.7, 40 దగ్గర 1.2, 80 దగ్గర 0.32 ఉంటుంది. ఇంకో రకంలో 20 దగ్గర 3.5, 40 దగ్గర సుమారు 1.5 కిలో ఓమ్‌లు. మీ కారుది ఏదో సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. ఈ రెండు రకాలూ ఒకే ఆకారంలో, ఒకే కనెక్టర్‌తో దొరకొచ్చు, అదే అసలు చిక్కు. మొదటి రకం పట్టిక ఉన్న ఈసీయూకు రెండో రకం సెన్సర్ తగిలిస్తే 20 డిగ్రీల గాలిని 12 అనుకుంటుంది. కోడ్ రాదు, లైట్ వెలగదు, లెక్క మాత్రం రోజూ తప్పుతుంది. అందుకే ‘సరిపోయింది కదా’ అని కాకుండా పార్ట్ నంబరు చూసి తీసుకోవాలి.

కొలుస్తూనే హెయిర్ డ్రయ్యర్‌తో దూరం నుంచి వేడి గాలి ఊదండి. రెసిస్టెన్స్ మెట్లు మెట్లుగా కాకుండా నునుపుగా దిగాలి, ఆపితే అలాగే ఎక్కాలి. మధ్యలో ఒక్కసారి ఓఎల్ (దారి తెగిందని మీటర్ చెప్పే గుర్తు) అని కనిపించి మాయమైతే పూస దగ్గర అతుకు పగిలినట్టు. పెయింట్ ఊడదీసే హీట్ గన్ వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది.

తుప్పు గురించి ఒక మాట, ఎందుకంటే దాని తప్పు వింతగా ఉంటుంది. పిన్నుల మీద తుప్పు పట్టి లైన్‌లో అదనంగా 1 కిలో ఓమ్ చేరిందనుకోండి. గాలి 0 డిగ్రీలున్నప్పుడు సెన్సర్‌దే 5.9, దానికి ఒకటి కలిస్తే 6.9. తేడా 3, 4 డిగ్రీలే, ఎవరికీ పట్టదు. గాలి 40 ఉన్నప్పుడు 1.2కు ఒకటి కలిసి 2.2 అవుతుంది, ఈసీయూ దాన్ని 24 డిగ్రీలని చదువుతుంది. అంటే పొద్దున సరిగ్గా ఉండి, మధ్యాహ్నం తప్పు చెబుతుంది. కనెక్టర్‌లో తేమ చేరి రెండు పిన్నుల మధ్య కరెంటు కారితే దీనికి తిరగబడి, చల్లగా ఉన్నప్పుడే ఎక్కువ తప్పు వస్తుంది. 20 కిలో ఓమ్‌ల పాటి కారుడు ఉంటే 40 డిగ్రీలను 41, 42 అంటుంది గానీ 0 డిగ్రీలను 6 అంటుంది. రోజులో ఏ వేళ అంకె తప్పుతోందో గమనిస్తే ఈ రెండింట్లో ఏదో మీటర్ తీయకుండానే చెప్పొచ్చు. దీనికి పొద్దుటి పోలిక వాడండి. కారు రాత్రంతా, కనీసం 8 గంటలు, నీడలో ఆగి ఉండాలి. పొద్దున్నే కీ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా ఐఏటీ, కూలెంట్ అంకెలు చూడండి. రెండూ ఒకదానికొకటి, బయటి వేడికీ 3 నుంచి 5 డిగ్రీల లోపు ఉండాలి. మూడింట్లో ఏ ఒక్కటి దూరంగా ఉందో తప్పు దానిదే.

ఎండలో ఆపి స్టార్ట్ చేసినప్పుడు కనిపించే 60ని మరిచిపోండి. అది లోపం కాదు. ఇంజిన్ ఆగాక గాలి కదలదు, బానెట్ కింద వేడంతా గొట్టానికీ సెన్సర్‌కూ పాకుతుంది. కారు కదిలి వేగం అందుకున్న కొన్ని నిమిషాల్లో బయటి వేడికి 5 నుంచి 15 డిగ్రీల దాకా పైన వచ్చి నిలిస్తే అంతా బాగున్నట్టే. హైవే మీద ఇరవై నిమిషాలు నడిచినా 60 దగ్గరే ఉంటే అప్పుడు ఆలోచించాలి. సెన్సర్‌కన్నా ముందు, బయటి గాలి తెచ్చే గొట్టం ఊడి ఇంజిన్ వేడి గాలి పీలుస్తోందేమో చూడండి. ఫిల్టర్ మార్చాక ఆ గొట్టం ముందు మూతిని తిరిగి తగిలించడం మరిచిపోవడం మామూలే.

మైలేజీ సంగతి. ఇక్కడ నేను మీతో పూర్తిగా ఏకీభవించలేను. మీ 1.2 ఇంజిన్‌లో సెన్సర్ విడిగా, రెండు వైర్లతో ఉందంటే గాలిని తూచే మాఫ్ బహుశా లేదు. మానిఫోల్డ్ పీడనమూ గాలి వేడీ కలిపి గాలి బరువు లెక్కగట్టే పద్ధతే అయి ఉంటుంది. అలాంటి దాంట్లో 41 బదులు మైనస్ 40 అని నమ్మితే గాలి మూడో వంతుకు పైగా చిక్కగా ఉందని ఈసీయూ అనుకుంటుంది, పెట్రోలూ అంత ఎక్కువ కొడుతుంది. కానీ అది ఆ తెగిన క్షణాల మాటే. కోడ్ పడగానే సొంత అంకెకు మారుతుంది, ఇంజిన్ వేడెక్కాక ఆక్సిజన్ సెన్సర్ చూసి మిగతాది సరిదిద్దుకుంటుంది. అప్పుడప్పుడూ తెగే ఐఏటీ ఒక్కటే నాలుగో వంతు మైలేజీ తినేయదు. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ చూడండి, అంటే పెట్రోల్ మోతాదును ఈసీయూ ఎంత శాతం సర్దుకుంటోందో చెప్పే అంకె. మైనస్ 10 దాటి కిందికి పోతే పెట్రోల్ నిజంగానే ఎక్కువ పడుతోంది, దాన్ని తగ్గించడానికి ఈసీయూ తంటాలు పడుతోంది. ట్రిమ్ సున్నాకు అటూ ఇటూ 5 లోపే ఉంటే టైర్ల గాలి, పట్టేసిన బ్రేకు లాంటివి చూసుకోవాలి. కూలెంట్ 85 నుంచి 95 మధ్యకు ఎక్కకుండా 65, 70 దగ్గరే నిలిచిపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది, అదీ మైలేజీ తింటుంది. కొలత కూడా ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించే లోపు నడిచిన దూరాన్ని బట్టే చేయండి. మీటర్ బోర్డు మీది సగటును నమ్మకండి.

తెగిన చోటు దొరికాక, రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు. బానెట్ కింద వేడికి టేపు జిగురు కారిపోతుంది, వర్షాకాలానికి తుప్పు, మళ్లీ ఇదే కథ. దెబ్బతిన్న ముక్కను కోసి తీసేసి, అదే మందం వైరు కొత్త ముక్క కలిపి, క్రింప్ స్లీవ్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడగండి. టంకం వేసినా ఫర్వాలేదు గానీ, టంకం పీల్చుకున్న చోట వైరు కర్రలా గట్టిపడుతుంది. దాని అంచు దగ్గరే మళ్లీ వంపు పడితే అక్కడే తెగుతుంది, కాబట్టి అతుకును కదలని చోటుకు జరిపి కట్టేయండి. రెండు వైర్లూ తెగితే అతుకులు పక్కపక్కన కాకుండా అంగుళం ముందువెనకలుగా వేయండి. కనెక్టర్‌లో పిన్నో లాకో పోతే పిగ్‌టెయిల్ అనే పేరుతో వైర్లతో సహా కొత్త కనెక్టర్ దొరుకుతుంది, అది వేయించడమే మేలు. ఫిల్టర్ బాక్స్ మూత పూర్తిగా ఎత్తినా వైరు బిగుసుకోనంత వదులు వదలండి. ఆ బిగువు లేకపోయుంటే ఇదంతా వచ్చేదే కాదేమో.

ఈ వెతుకులాటలో ఎక్కడో ఒక చోట ‘ఐఏటీ దగ్గర ఒక రెసిస్టర్ పెట్టేస్తే లైట్ రాదు, పికప్ కూడా పెరుగుతుంది’ అనే సలహా తప్పక ఎదురవుతుంది. చిప్ అనే పేరు పెట్టి అమ్మేవాటిలో చాలావాటి లోపల ఉండేది అదే. పరీక్షకు వాడిన రెసిస్టర్‌ను పరీక్షతోనే తీసేయండి. గాలి మండిపోతుంటే ఈసీయూ స్పార్క్‌ను కాస్త వెనక్కి జరిపి నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) రాకుండా కాపాడుతుంది. ఎప్పుడూ చల్లగాలే అని అబద్ధం చెబితే ఆ కాపలా పోతుంది, ఎండల్లో బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు దెబ్బ పడేది పిస్టన్‌కే.

ఇక ఈసీయూను నిజంగా ఎప్పుడు అనుమానించాలి? సెన్సర్ కనెక్టర్‌లో 5 వోల్టులు లేవు, ఈసీయూ కనెక్టర్ దగ్గర అదే పిన్నుకు వెనక నుంచి గుచ్చి చూసినా లేవు, బ్యాటరీ తీసి ఈసీయూ కనెక్టర్ ఊడదీసి కొలిస్తే ఆ వైరు బాడీకి తగలడం లేదు, ఈసీయూ పిన్నులో తుప్పు లేదు. ఈ నాలుగూ కలిస్తేనే. వైరు రెండు కొసల మధ్య రెసిస్టెన్స్ కొలవాలన్నా ఇలా రెండు వైపులా ఊడదీశాకే కొలవాలి, 1, 2 ఓమ్‌లకు మించకూడదు. కొలుస్తూ వైరును ఊపడం మరిచిపోకండి. ఒక్క పోగు మిగిలినా నిశ్చలంగా ఉన్నప్పుడు సరైన అంకే వస్తుంది.

బాగు చేశాక కోడ్ చెరిపి, స్కానర్‌లో ఐఏటీ గ్రాఫ్ పెట్టి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ఇంతకుముందు తెగిన అదే గతుకుల దారిలో ఒక అరగంట నడపండి. గీత నునుపుగా ఉండి ఒక్క నిలువు గాటు కూడా లేకపోతే పని అయినట్టే. పెండింగ్ కోడ్‌ల పేజీని మాత్రం ఇంకో వారం పాటు రెండు మూడుసార్లు చూడండి. లైట్ వెలగడానికన్నా ముందు పీ0113 అక్కడే కనిపిస్తుంది.